స్నేహితుల ఫుట్‌బాలు – ముందుగా కుదుర్చుకొనవలసిన నియమములు

తెలంగాణ జిల్లాలనుండి మరమగ్గముల పనికై సూరతు నగరమునకు వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబములు లింబాయత్ మొదలగు ప్రాంతములలో అనేకము కలవు. అట్టి వాడలలోని యువకులకు ఫుట్‌బాలు మిక్కిలి చవుకైన ఆట. ఒక బంతియు, కొంత ఖాళీ స్థలమును ఉన్న చాలును. కాని మగ్గమువద్ద పన్నెండు గంటలు నిలబడి, నేసిన మీటర్ల లెక్కను కూలి పొందువానికి చీలమండ బెణికినచో ఆ వారము కూలి పోయినట్లే. కావున బంతిని తన్నుటకు ముందే నియమములు మాటలాడుకొనవలెను.

ఈ విషయము క్రొత్తది కాదు. 1863లో లండనులో ఈ ఆటకు నియమములు వ్రాసినపుడు, ఎదుటివానిని మోకాలి క్రింద తన్నవచ్చునా అను ప్రశ్నపై పెద్ద వివాదము చెలరేగెను. తన్నవచ్చునని వాదించిన బ్లాక్‌హీత్ జట్టు సంఘమును విడిచిపోయెను. నేడు పోటీల ఆటకు 17 నియమములు కలవు. స్నేహితులు వానిలో ఆఫ్‌సైడు వంటి వానిని వదలివేసినను నష్టము లేదు. దేహరక్షణకు సంబంధించిన వానిని మాత్రము వదలరాదు.

అందరును బూట్లతో ఆడవలెను, లేదా అందరును వట్టికాళ్లతో ఆడవలెను. బూటుకాలి క్రింద వట్టికాలి వ్రేళ్లు నలుగును. గోలు గుర్తుగా ఇటుకలు నిలుపరాదు. చొక్కాల మూటలు చాలును. నేలమీద జారుచు ఎదుటివాని కాళ్లకు అడ్డుపోవుట గట్టినేలపై పూర్తిగా నిషేధింపవలెను. చిన్న పిల్లలచేత బంతిని తలతో కొట్టింపరాదు. ఇంగ్లండులో 2020నుండి ప్రాథమిక పాఠశాల వయస్సు పిల్లల శిక్షణలో దీనిని మానిపించిరి. అలసినవాడు ఎవరి అనుమతియు లేకుండ బయటకు పోయి, తిరిగి రావచ్చును.

రిఫరీ లేని ఆటలో తప్పును నిర్ణయించువారెవరు? దెబ్బ తగిలినవాని మాటయే చెల్లవలెను. వాడు కొంత అతిశయించి చెప్పినను పోవునది ఒక గోలు మాత్రమే. ఎవడైన పడి లేవనిచో, బంతి గోలు ముందున్నను ఆట ఆపవలెను.

రాత్రిపాళీ ముగించినవాడు నిద్రించిన పిమ్మటనే ఆడవలెను. సూరతు సముద్రమునకు సమీపమున నున్నది. తేమగాలిలో చెమట ఆరదు, దేహము చల్లబడదు. వేసవిలో ఉదయముననో సాయంకాలముననో ఆడుచు, పదిహేను నిమిషములకొకసారి నీరు త్రాగవలెను. మాట తడబడి, ఒళ్లు కాలుచున్నచో అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీరు పోసి విసరుచు, 108కు కబురు చేయవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

వర్షాకాలమున నిలిచిన నీటిలో ఆడుట అందరికంటె పిల్లలకు ఇష్టము, ప్రమాదమును అందే కలదు. ఎలుకల, పశువుల మూత్రము కలిసిన నీటినుండి లెప్టోస్పైరోసిస్ క్రిములు చర్మముపైని గాయములగుండ ప్రవేశించును. దక్షిణ గుజరాతులో వానల కాలమున ఈ వ్యాధి కనబడుచుండును. జ్వరము, పిక్కల నొప్పి, కన్నుల ఎరుపు కనబడినచో నీటిలో ఆడిన సంగతిని వైద్యునికి తప్పక చెప్పవలెను. ఆలస్యమైన మూత్రపిండములు చెడవచ్చును.

బెణికిన కాలిని నూనెతో గట్టిగా రుద్దించుట మనవారికి అలవాటు. ఇది వాపును పెంచును. గుడ్డలో చుట్టిన మంచుగడ్డను ఇరువది నిమిషములుంచి, కాలిని ఎత్తుగా పెట్టి విశ్రమింపవలెను. ఆ కాలిపై బరువు మోపి నాలుగడుగులు వేయలేనిచో, ఎముక విరిగినదేమో ఎక్స్‌రే తీయించి చూడవలెను.