మదనపల్లెలో ఐరిష్ దంపతులు

అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో కార్క్‌టౌన్ అనే పేట, పందొమ్మిదో శతాబ్దంలో ఐర్లాండ్‌లోని కార్క్ ప్రాంతం నుంచి వలసవెళ్లిన కుటుంబాల వల్ల ఆ పేరు పొందింది. అక్కడ ఏళ్ల తరబడి పాడుబడిన రైల్వేస్టేషన్‌ను ఫోర్డ్ సంస్థ బాగుచేయించి, 2024 జూన్‌లో భారీ సంగీత సభతో మళ్లీ తెరవగా, ఆ పాత కూలీల పేట ఉత్సవాల చిరునామా అయింది. కుప్పం, పుంగనూరు, మదనపల్లె సీమలో అలాంటి ఐరిష్ వాడ ఏదీ లేదు. ఉన్నదల్లా మదనపల్లెలో ఒక కళాశాల, అక్కడికి చేరిన ఒక జంట. అయినా ఆ ఇద్దరి ద్వారా ఈ ఊరికి దక్కిన చరిత్ర ఒక పేట చరిత్రకు తీసిపోదు.

ఐరిష్ మూలాలున్న అనీబిసెంట్ మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలను 1915లో నెలకొల్పింది. మరుసటి ఏడాది ఆమె ఆరంభించిన హోమ్‌రూల్ ఉద్యమానికి, అంటే స్వపరిపాలన కోరిన ఉద్యమానికి, పేరూ పద్ధతీ ఐర్లాండ్ నుంచే వచ్చాయి. బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన కవి జేమ్స్ కజిన్స్, ఆయన భార్య మార్గరెట్ 1915లో మద్రాసు చేరారు. మార్గరెట్ అప్పటికే సంగీత పట్టభద్రురాలు. స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడి జైలుకు వెళ్లివచ్చిన మనిషి. 1916లో డబ్లిన్‌లో బ్రిటిష్ పాలనపై జరిగిన సాయుధ తిరుగుబాటును మెచ్చుకుంటూ వ్యాసం రాసినందుకు జేమ్స్ ‘న్యూ ఇండియా’ పత్రికలో ఉద్యోగం పోగొట్టుకోగా, బిసెంట్ ఆయనను మదనపల్లె కళాశాలకు పంపింది. ఆ విధంగా డబ్లిన్ తుపాకుల చప్పుడే ఈ ఊరికి ఒక కవిని తెచ్చిపెట్టిందనాలి.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడికి విశ్రాంతికి వచ్చి, విద్యార్థుల సాయంకాలపు పాటల కూటమిలో ‘జనగణమన’ పాడారు. అదే తరువాత కళాశాల ప్రార్థనాగీతమైంది. ఫిబ్రవరి 28న ఆయన దాన్ని ఇక్కడే ఆంగ్లంలోకి అనువదించగా, పాటను సంగీత గుర్తులతో కాగితం మీద నిలిపే స్వరలిపిని మార్గరెట్ సిద్ధం చేసింది. జాతీయగీతం బాణీ మదనపల్లెలోనే పుట్టిందని అభిమానంతో చెప్పుకోవడం కద్దు గాని, అది సరికాదు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలోనే ఆ గీతం వినిపించింది, బాణీ రవీంద్రులదే. బెంగాలీ రాని వారు సైతం చూసి పాడుకోగలిగేలా దానికి లిఖితరూపం ఇవ్వడమే మార్గరెట్ చేసిన పని, అది చిన్న పనేమీ కాదు.

తరువాత ఆమె 1927లో అఖిల భారత మహిళా సభ స్థాపనకు పూనుకొంది. జేమ్స్ తిరువాన్కూరులో కళా సలహాదారుగా పనిచేసి, చివరకు 1956లో మదనపల్లెలోనే కన్నుమూశాడు.

బయటివారికి మదనపల్లె అంటే టమాటా మార్కెట్టూ హార్స్‌లీ కొండలూ గుర్తుకొచ్చినంత తేలికగా ఈ కళాశాల గుర్తుకు రాదు. కార్క్‌టౌన్‌కు ఫోర్డ్ పెట్టుబడి కావలసి వచ్చింది. ఇక్కడ అంత ఖర్చు అక్కరలేదు, ఆవరణ ఉంది, తేదీ ఉంది, పాట ఉంది. ఏటా ఫిబ్రవరి 28న తెలుగు, బెంగాలీ, ఐరిష్ గీతాలతో రోజంతా సాగే సభ ఒకటి అక్కడ జరగాలి. అందుకు కళాశాల పూర్వవిద్యార్థులు ముందుకు రావాలి, 1997లో ఏర్పడిన కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం చేయి కలపాలి.