వాయిదా పడిన ఆట, ఆగని ఎదురుచూపు
‘ఫ్రీ ఫైర్ ఇండియా’ గురించి పిల్లల ఆశలు, పెద్దల సందేహాలు

పూండి పరిసర గ్రామాల వారికి ఎదురుచూడటం కొత్త కాదు. తెలుగు గంగ పథకానికి ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాల మధ్య 1983లో ఒప్పందం కుదిరింది. కృష్ణా జలాలు ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటి తమిళనాడులో అడుగుపెట్టడానికి 1996 వరకు ఆగవలసి వచ్చింది. అందుకే కండలేరులో నీళ్లు వదిలారన్న మాట చెవిన పడినా, కాలువలో కళ్లారా చూసేదాకా నమ్మకపోవడం ఇక్కడి పెద్దలకు అలవాటు.

ఆ పెద్దల మనుమలది మరొక రకం ఎదురుచూపు. అది నీటి కోసం కాదు, సెల్‌ఫోన్‌లో ఆడే ఒక ఆట కోసం. దాని పేరు ‘ఫ్రీ ఫైర్ ఇండియా’. 2023 సెప్టెంబరు 5న, సరిగ్గా ఉపాధ్యాయ దినోత్సవం నాడు, విడుదల చేస్తామని ఆగస్టు 31న ప్రకటించారు. సెప్టెంబరు 4న, అంటే ముందురోజున, మరికొన్ని వారాలు ఆగాలన్నారు. ఆ వారాలు నెలలయ్యాయి. 2023 గడిచింది, 2024 కూడా గడిచింది, ఆట మాత్రం రాలేదు. అయినా పిల్లల ఆశ చావలేదు, పెద్దల సందేహాలూ తీరలేదు. ఈ ఆట ఏమిటి, దీని చుట్టూ ఇంత ఆసక్తి ఎందుకు, వచ్చినా రాకపోయినా ఇంట్లో పెద్దలు తెలుసుకొని ఉండవలసినది ఏమిటి అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఆట స్వరూపం

ఫ్రీ ఫైర్ ఆటను సింగపూర్‌కు చెందిన గరీనా సంస్థ 2017లో విడుదల చేసింది. సుమారు 50 మంది ఆటగాళ్లు విమానం నుంచి పారాచూట్ల సాయంతో ఒక దీవిలో దిగుతారు. అక్కడ దొరికిన తుపాకులు, మందులు ఏరుకొని ఒకరినొకరు కాల్చుకుంటారు. సమయం గడిచేకొద్దీ సురక్షిత ప్రాంతం కుంచించుకుపోతుంది. చివరకు మిగిలినవారే విజేతలు. ఒక్కరుగా ఆడవచ్చు, ఇద్దరుగా ఆడవచ్చు, నలుగురు జట్టుగానూ ఆడవచ్చు. ఒక ఆట పది నిమిషాలకు అటూ ఇటూగా ముగుస్తుంది.

పల్లెల్లో ఈ ఆట పాతుకుపోవడానికి ప్రధాన కారణం ఒకటుంది. పబ్జీ వంటి ఆటలకు ఖరీదైన ఫోన్ కావాలి. ఫ్రీ ఫైర్ తక్కువ ధర ఫోన్‌లో కూడా నడిచేలా తయారైంది. పైగా ఇందులోని లోకం రంగుల లోకం. మెరిసే దుస్తులు, రెక్కలు, చిత్రవిచిత్రమైన తుపాకులు, వెంట నడిచే పెంపుడు జంతువులు, గెలిచినప్పుడు వేసే చిందులు, ఇవన్నీ తిరునాళ్లలోని బొమ్మల కొట్టును తలపిస్తాయి. యుద్ధం అన్న భావనను ఈ రంగులు మరపింపజేస్తాయి. పిల్లలకు ఆకర్షణ అక్కడే ఉంది, పెద్దలకు బెరుకు కూడా అక్కడే ఉంది.

నిషేధించిన ఆట ఫోన్‌లోకి ఎలా వచ్చింది?

చాలామంది తల్లిదండ్రులను వేధించే ప్రశ్న ఇది. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను నిషేధించింది. 2022 ఫిబ్రవరిలో మరో 54 యాప్‌లపై వేటు పడింది. ఫ్రీ ఫైర్ ఆ జాబితాలో చేరింది. దేశ భద్రత, పౌరుల సమాచారం విదేశాలకు చేరడం అన్నవే ఈ నిషేధాల వెనుక వినిపించిన ఆందోళనలు. ఆట వల్ల పిల్లలు చెడిపోతున్నారన్నది కారణం కాదని ఇక్కడ గమనించాలి.

అయితే గరీనా సంస్థ 2021 సెప్టెంబరులోనే ‘ఫ్రీ ఫైర్ మ్యాక్స్’ అనే మరొక యాప్‌ను విడుదల చేసి ఉంది. బొమ్మలు మరింత స్పష్టంగా కనిపించడమే తేడా, ఆట అదే. పాత ఖాతాతోనే దీనిలోకి ప్రవేశించవచ్చు. నిషేధం తర్వాత కూడా మ్యాక్స్ గూగుల్ ప్లే స్టోర్‌లో కొనసాగింది. పిల్లలు ఇంటి నుంచి పక్కింటికి మారినంత తేలికగా దానిలోకి మారిపోయారు. అందువల్ల “నిషేధం కదా, ఎలా ఆడుతున్నావు?” అని తండ్రి గద్దిస్తే, “ఇది వేరే” అని కొడుకు చెప్పే సమాధానంలో అబద్ధం లేదు.

ప్రకటనలో ఏమున్నది?

నిషేధం దాటుకొని అసలు ఆటను భారతీయ రూపంలో తిరిగి తేవడమే ఫ్రీ ఫైర్ ఇండియా ఉద్దేశం. సమాచారాన్ని దేశంలోనే భద్రపరచడానికి హీరానందాని సమూహానికి చెందిన యోట్టా సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. మహేంద్రసింగ్ ధోనీని ప్రచారకర్తగా నియమించారు. ఆయన పోలికతో ‘తల’ అనే పాత్రను ఆటలో ప్రవేశపెడతామన్నారు. చెన్నైకి ఇంత సమీపంలో ఉన్న తిరువళ్లూరు జిల్లా పిల్లలకు ఆ ఒక్క మాట ఎంత ఉత్సాహం కలిగిస్తుందో వేరే చెప్పనవసరం లేదు.

కానీ పెద్దల చెవికి ఇంపైన మాటలు మరికొన్ని ఆ ప్రకటనలో ఉన్నాయి. తల్లిదండ్రుల పర్యవేక్షణకు వీలు కల్పించే ధ్రువీకరణ, ఆడే సమయంపై పరిమితి, విరామం తీసుకొమ్మని హెచ్చరించే సూచనలు ఉంటాయని సంస్థ హామీ ఇచ్చింది. వాయిదా ప్రకటనలో ఆటను మెరుగుపరచాలని, పూర్తిగా భారతీయ వాతావరణానికి తగినట్లు మలచాలని కారణం చెప్పింది. ఆ తర్వాత 2025లో గరీనా మన దేశంలో పెద్ద పోటీ నిర్వహించినా, అది మ్యాక్స్ మీదనే జరిగింది. అలాంటి ప్రతి సందర్భంలోనూ “ఇక వచ్చేస్తుంది” అన్న ఆశ పిల్లల్లో మళ్లీ చిగురిస్తుంది.

హామీ మంచిదే, ఇంట్లో ఫోన్ ఒక్కటే!

ఇటువంటి హామీ మొదటిది కాదు. పబ్జీ స్థానంలో 2021 జూలైలో వచ్చిన ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ కూడా 18 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల అనుమతి, రోజుకు మూడు గంటల పరిమితి పెట్టింది. రక్తం ఎర్రగా కాక ఆకుపచ్చగా కనిపించేలా మార్చింది. 2022 జూలైలో ఆ ఆట కూడా దుకాణాల నుంచి తొలగిపోయి, 2023 మేలో తిరిగి వచ్చింది.

ఈ కట్టుబాట్లు ఎలా పనిచేస్తాయో ఆలోచిస్తే అసలు చిక్కు బయటపడుతుంది. పిల్లవాడు తన వయసు తానే నమోదు చేస్తాడు. తల్లిదండ్రుల నంబరు అడిగితే ఇంట్లోని నంబరు ఇస్తాడు. అనుమతి సంకేత సంఖ్య ఆ ఫోన్‌కే వస్తుంది. పట్నంలో తండ్రికొక ఫోన్, కొడుక్కొక ఫోన్ ఉన్న ఇంట్లో ఈ ఏర్పాటు కొంత పనిచేస్తుంది. కానీ బడి పాఠాలకూ, పాల డబ్బు లెక్కలకూ, బ్యాంకు వ్యవహారాలకూ ఒకే ఫోన్ ఉన్న పల్లె ఇంట్లో, ఆ సంఖ్య వచ్చే వేళకు ఫోన్ ఉండేది పిల్లవాడి చేతిలోనే. అంటే తండ్రి అనుమతిని కొడుకే ఇచ్చుకుంటాడు. తాళం, తాళంచెవి ఒకే చోట పెట్టినట్లవుతుంది. సంస్థ ఎంత చిత్తశుద్ధితో హామీ ఇచ్చినా ఈ లోపాన్ని అది పూడ్చలేదు, ఇంటివారే పూడ్చాలి.

‘ఉచితం’ వెనుక వ్యాపారం

ఆటను దించుకోవడానికి పైసా ఖర్చు లేదు. మరి సంస్థకు ఆదాయం ఎలా? ఆటలో ‘డైమండ్లు’ అనే నాణేలు ఉంటాయి, వాటిని అసలు డబ్బుతో కొనాలి. వాటితో దుస్తులు, తుపాకుల అలంకారాలు, పాత్రలు పొందవచ్చు. కొన్ని వస్తువులు నేరుగా అమ్మరు. డైమండ్లు చెల్లించి చక్రం తిప్పాలి, అదృష్టం ఉంటే కోరినది వస్తుంది, లేకపోతే మరేదో వస్తుంది. జాతరలో రింగు విసిరే ఆటకూ దీనికీ పోలిక ఉంది. ఇటువంటి అదృష్టపు పెట్టెలు కొన్ని ఆటల్లో జూదం కిందికే వస్తాయని బెల్జియం దేశపు నియంత్రణ సంఘం 2018లో తేల్చింది.

తరగతిలో నలుగురికి కొత్త వేషం ఉండి తనకు లేకపోవడం పిల్లవాడికి చిన్న విషయం కాదు. చిరిగిన చొక్కాతో పెళ్లికి వెళ్లినంత చిన్నతనంగా ఉంటుంది. ఆ బలహీనతనే మోసగాళ్లు కనిపెడతారు. “ఉచిత డైమండ్లు ఇస్తాం, ఈ లంకె నొక్కండి”, “ఫ్రీ ఫైర్ ఇండియా ముందుగా దించుకోండి” అనే సందేశాలు పిల్లల చేతికి చేరితే ప్రమాదం. సంస్థ విడుదల చేయని ఆటను మరెవరూ ఇవ్వలేరు. ఇస్తామన్నవారి ఉద్దేశం ఫోన్‌లోని సమాచారమో, ఖాతాలోని సొమ్మో అయి ఉంటుంది. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అవసరం లేదని, పిన్ కొట్టితే డబ్బు పోవడమే తప్ప రావడం ఉండదని ప్రతి పిల్లవాడికీ చెప్పి తీరాలి.

చట్టం ఎంతవరకు?

సరిహద్దు కుటుంబాల్లో ఈ విషయమై గందరగోళం సహజం. ఇల్లు పూండిలో, అమ్మమ్మ ఊరు నాగలాపురంలో అయితే ఏ రాష్ట్రపు చట్టం వర్తిస్తుందన్న అనుమానం వస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2020లో, తమిళనాడు 2022లో ఆన్‌లైన్ జూదంపై చట్టాలు తెచ్చాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, డబ్బు పెట్టి డబ్బు గెలవాలన్న ఆశతో ఆడే ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను, వినోదపు ఆటలను వేరుగా గుర్తించింది. వీటన్నింటి గురి పందెం మీదనే. రెండు వైపులా ఏ చట్టమూ “మీ అబ్బాయి రాత్రి పదకొండు వరకు ఆడవచ్చా?” అన్న ప్రశ్నకు జవాబు చెప్పదు.

అయితే ఒక హెచ్చరిక అవసరం. ఎవరైనా “ఇరవై రూపాయలు కట్టి మా గదిలో ఆడు, గెలిస్తే వంద ఇస్తాం” అని పిలిస్తే, అది ఆట హద్దు దాటి పందెంగా మారినట్లే. అటువైపు పిల్లవాడు పోకుండా చూడవలసిన బాధ్యత పెద్దలది.

చైనా 2021లో 18 ఏళ్లలోపు వారికి శుక్ర, శని, ఆదివారాల్లో రోజుకు ఒక్క గంట మాత్రమే ఆన్‌లైన్ ఆటలకు అనుమతించింది. మన దేశంలో అటువంటి కట్టడి ఇంటిపెద్దల చేతిలోనే ఉంది.

భయపడటం కాదు, కనిపెట్టి ఉండటం

ఆడిన ప్రతి పిల్లవాడూ చెడిపోతాడనడం సత్యం కాదు. వేరే ఊళ్లకు చదువుకు వెళ్లిన స్నేహితులు సాయంకాలం కలుసుకునే రచ్చబండ అనేకమందికి ఈ ఆటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ‘గేమింగ్ రుగ్మత’ను వ్యాధుల పట్టికలో చేర్చినప్పుడు కూడా, ఆటపై అదుపు కోల్పోవడం, చదువు, నిద్ర, బంధువులు అన్నింటికంటే ఆటకే ప్రాధాన్యమివ్వడం, హాని కనిపిస్తున్నా మానలేకపోవడం సాధారణంగా 12 నెలలపాటు ఉంటేనే రుగ్మతగా భావించాలని చెప్పింది. బెంగళూరులోని నిమ్హాన్స్ ఇటువంటి వారికోసం 2014లోనే ప్రత్యేక చికిత్సా కేంద్రం ప్రారంభించింది.

ఇంట్లో పాటించదగిన కొన్ని జాగ్రత్తలు ఇవి.

ఒకటి: నిమిషాల లెక్క కాక ఆటల లెక్క పెట్టాలి. జట్టుగా ఆడే ఆటను మధ్యలో ఆపడానికి వీలుండదు. మధ్యలో వదిలితే తోటివారు ఓడతారు. “అన్నం చల్లారుతోంది, ఇప్పుడే లే” అంటే గొడవే మిగులుతుంది. “రెండు ఆటలు, తర్వాత ఫోన్ ఇక్కడ పెట్టు” అంటే మాట నిలుస్తుంది.

రెండు: ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా అమర్చాలి. ఆ పాస్‌వర్డ్, ఫోన్ తాళం, యూపీఐ పిన్ మూడూ వేర్వేరుగా ఉండాలి, పిల్లలకు తెలియకూడదు. ఫోన్ ఒక్కటే ఉన్న ఇంటికి ఇదే అసలైన తాళం.

మూడు: ఆటలో ముక్కూ మొహం తెలియనివారితో మాట్లాడే సౌకర్యం ఉంటుంది. తెలిసిన స్నేహితులతో తప్ప మైకు కట్టివేయించాలి. ఊరు, బడి పేరు, ఫొటో ఎవరికీ ఇవ్వరాదని చెప్పాలి.

నాలుగు: రాత్రి ఫోన్ పెద్దల పడక దగ్గర ఉండాలి. ఈ నియమం పెద్దలకూ వర్తిస్తేనే పిల్లలు గౌరవిస్తారు.

అయిదు: డబ్బు పోతే కొట్టడానికి ముందు 1930కి ఫోన్ చేయాలి. సైబర్ మోసాల ఫిర్యాదుకు కేంద్ర ప్రభుత్వం ఏర్పరచిన నంబరు అది. పిల్లవాడి మనసు కుదుటపడకపోతే టెలీమానస్ 14416 ఉంది. దెబ్బకు భయపడి విషయం దాచిన పిల్లవాడే ఎక్కువ నష్టపోతాడు.

ఫ్రీ ఫైర్ ఇండియా రేపు రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా అందులో ఇస్తామన్న కట్టుబాట్లు పూర్తిగా ఉండవచ్చు, ఉండకపోవచ్చు. తూము ఎప్పుడు ఎత్తుతారన్నది రైతు చేతిలో ఉండదు. తన చేనికి ఎంత నీరు కావాలో అంతే పెట్టుకొని మడవ కట్టుకోవడం మాత్రం అతని చేతిలో పని. పిల్లవాడి ఫోన్ విషయంలోనూ ఇంటివారు చేయవలసినది అదే. కొత్త ఆట వచ్చేదాకా ఆగనవసరం లేదు. పిల్లవాడు ఇప్పటికే ఆడుతున్న ఆట ఏమిటో ఈ సాయంకాలం పక్కన కూర్చొని ఒక్కసారి చూస్తే, ఆ పని మొదలైనట్లే.