ఉదజనిని దాచు పాత్ర

చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో వెనుకటి తరమువారు ఇత్తడిపాత్రలకు కళాయి వేయించుట పరిపాటి. కళాయివాడు వీధిలో కొలిమి రాజేసి, కాగిన పాత్రలో నవాసారము చల్లి, తగరము రుద్ది తళతళలాడజేసెడివాడు. కళాయి పోయిన పాత్రలో చింతపండు పులుసు కాచినచో కిలుము పట్టి ఆహారము చెడును. పూత పలుచనిదే, కాని పులుసును, తినువారిని కాపాడునది అదియే. నేటి పదార్థ శాస్త్రజ్ఞులు ఉదజని విషయమున చేయుచున్న పరిశోధన కూడ ఇట్టిదే.

ఉదజని, అనగా హైడ్రోజన్, మూలకములన్నిటిలో తేలికైనది. అది ఆమ్లజనితో కలిసి మండినపుడు ఏర్పడునది నీరు. ఒక కిలో ఉదజని ఇచ్చు వేడి, ఒక కిలో పెట్రోలు ఇచ్చు వేడికి రెండున్నర రెట్లను మించును. ఇంత మేలైన ఇంధనమును ఇంటింట ఏల వాడుటలేదు? దానిని దాచుట కష్టము. సాధారణ పీడనమున ఒక్క కిలో ఉదజనికి 11,000 లీటర్లకు పైగా చోటు కావలయును.

దాచుటకు ముఖ్యముగా మూడు మార్గములు కలవు. గాలి పీడనమునకు సుమారు 700 రెట్ల ఒత్తిడితో తొట్టెలో కుదించుట మొదటిది. సున్నకు దిగువ 253 డిగ్రీల వరకు చల్లార్చి ద్రవముగా మార్చుట రెండవది. అప్పుడు ఒక కిలోకు 14 లీటర్లు చాలును. లోహములచేత పీల్పించుట మూడవది. మెగ్నీషియము తన బరువుతో పోల్చినచో ఉదజనిని బాగుగా పట్టుకొనును. కాని మరల విడిపించుటకు దానిని సుమారు 300 డిగ్రీల వరకు కాచవలెను.

ఇంకొక చిక్కు కలదు. ఉదజని పరమాణువు మిక్కిలి చిన్నది. అది ఉక్కులోనికి చొరబడి, ఉక్కును పెళుసుబార్చును. 1875లోనే జాన్సన్ అను ఆంగ్లేయుడు ఈ సంగతిని వివరించెను. అందుచేత అల్యూమినియము ఆక్సైడు వంటి పదార్థములను పలుచగా పూసి, ఆ చొరబాటును తగ్గించుటకు శాస్త్రజ్ఞులు కృషి చేయుచున్నారు. పూతలో వెండ్రుకవాసి పగులు ఏర్పడినను శ్రమ వ్యర్థమగును.

2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరిన శ్రీహరికోటలో ద్రవ ఉదజనిని రాకెట్లకు వాడుదురు. దానిని రెండు గోడల నడుమ శూన్యముగల తొట్లలో ఉంచుదురు. ఇంటిలోని థర్మాసు ఫ్లాస్కు పద్ధతియు ఇదియే. అచ్చట 2013 ఆగస్టు 19న జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు ఎగురుటకు 74 నిమిషముల ముందు రెండవ దశ తొట్టినుండి ఇంధనము కారుటచే ప్రయోగము ఆగిపోయెను. ఆ ఇంధనము ఉదజని కాదు. కాని లోపము తొట్టిలోనిదే. శాస్త్రజ్ఞులు నిరాశపడక, వేరొక అల్యూమినియము మిశ్రలోహముతో చేసిన తొట్టిని అమర్చిరి. 2014 జనవరి 5న ఆ రాకెట్టు విజయవంతముగా ఎగిరెను. ద్రవ ఉదజనిని వాడు స్వదేశీ ఇంజను సఫలమగుట అదియే మొదటిసారి.

బాలలారా! శక్తిని సంపాదించుట ఒక యెత్తు, దానిని నిలుపుకొనుట మరియొక యెత్తు. కళాయివాని తగరపు పూత మొదలు రాకెట్టు తొట్టి వరకు మనకు తెలియవచ్చు సత్యమిదియే.