సారా శుద్ధిలో వ్యవసాయ వ్యర్థాల బొగ్గు: సామర్థ్యం, పరిమితి

ఇప్పపువ్వు, చెరకు మడ్డి, ధాన్యం వంటి వృక్షసంబంధ పదార్థాలను పులియబెట్టి స్వేదనం చేసినప్పుడు ఇథనాల్ ఒక్కటే రాదు. ఎసిటాల్డిహైడ్, ఎస్టర్లు, ఘాటైన వాసనగల ఫ్యూసెల్ నూనెలు, ముడిపదార్థాన్ని బట్టి కొంత మిథనాల్ దానితో కలిసి వస్తాయి. వీటిని బొగ్గుతో తొలగించాలన్న ఆలోచన పాతదే. 1785లో రష్యాలో టొబియాస్ లోవిట్స్ టార్టారిక్ ఆమ్లాన్ని శుద్ధి చేస్తూ, బొగ్గు ద్రావణంలోని రంగును గ్రహిస్తున్నట్లు గమనించారు. ధాన్యపు సారా శుద్ధికి బొగ్గు వాడకం ఆ పరిశీలనతోనే ముడిపడి ఉంది.

ఇక్కడ జరిగేది వడపోత కాదు, అధిశోషణం. అణువులు బొగ్గు రంధ్రాల గోడలకు అంటుకుంటాయి. కొబ్బరి చిప్పను గాలి తగలకుండా కాల్చి, 800 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి ఆవిరితో ఉత్తేజితం చేస్తే, గ్రాము బొగ్గులో వెయ్యి చదరపు మీటర్ల వరకు ఉపరితలం ఏర్పడుతుంది. దాని రంధ్రాలలో అధికభాగం 2 నానోమీటర్ల కంటే చిన్నవి. వరి ఊకలో సిలికా ఎక్కువ. క్షారంతో దానిని తొలగించనిదే ఊకబొగ్గుకు అంతటి సామర్థ్యం రాదు. పొయ్యిలో మిగిలిన మామూలు బొగ్గును దీనితో పోల్చలేము.

బొగ్గు ఉపరితలం నీటికి విముఖమైనది. కనుక కార్బన్ గొలుసు పొడవైన కొద్దీ ఆల్కహాలు దానికి బాగా అంటుకుంటుంది. ట్రాబే నియమం చెప్పేది ఇదే. ఫ్యూసెల్ నూనెలలోని ఐసోఅమైల్ ఆల్కహాలు ఇథనాల్ కంటే బలంగా అంటుకోవడానికి కారణం అది. ఇథనాల్ గాఢత పెరిగితే ఆ ఆకర్షణ తగ్గుతుంది. అందువల్లనే వోడ్కా తయారీలో సారాను ముందుగా నీటితో పలుచన చేసి బొగ్గు గుండా పంపుతారు. అయితే ఎక్కువసేపు ఉంచితే మేలు అనుకోవడమూ పొరపాటే. బొగ్గు సమక్షంలో ఇథనాల్ కొంత ఆక్సీకరణం చెంది, ఎసిటాల్డిహైడ్ తిరిగి పెరుగుతుంది.

అసలు చిక్కు మిథనాల్‌తో వస్తుంది. ఒకే కార్బన్ ఉన్న ఈ అణువు నీటితో సులభంగా కలిసిపోతుంది, బొగ్గుకు అంటుకోవడం అత్యల్పం. పైగా రంధ్రాలలో చోటుకోసం అనేక రెట్లు అధికంగా ఉన్న ఇథనాల్‌తో అది పోటీపడాలి. స్వేదనంలో తొలిభాగాన్ని పారబోసినా ప్రమాదం తప్పదు. మిథనాల్ 64.7 డిగ్రీల వద్ద, ఇథనాల్ 78.4 డిగ్రీల వద్ద మరిగినా, నీటి మిశ్రమంలో సాధారణ బట్టీ వాటిని వేరుచేయలేదు. దేహంలో మిథనాల్ ఫార్మాల్డిహైడ్‌గా, ఆపై ఫార్మిక్ ఆమ్లంగా మారి దృష్టినాడిని దెబ్బతీస్తుంది, ప్రాణమూ తీయగలదు.

అంటే బొగ్గు ఘాటును తీసివేసి విషాన్ని వదిలివేయగలదు. వాసన పోవడాన్ని శుద్ధికి కొలమానంగా తీసుకునే ప్రయోగాలలో, శుద్ధికి ముందూ తరువాతా గ్యాస్ క్రొమటోగ్రఫీతో మిథనాల్‌ను విడిగా కొలిచి చూపనిదే ఆ ద్రవం తాగదగినదని రాయకూడదు.