నాన్నకు స్వరాల నివాళి

తండ్రి పోయిన రోజున ఎవరైనా ఏం చేస్తారు? తద్దినం పెడతారు, నలుగురికీ భోజనం పెడతారు. పండిట్ జస్‌రాజ్ మాత్రం సంగీతంతో విందు చేశారు. అదీ మన హైదరాబాద్‌లో, 1972 నుంచి ఏటా!

ఆ విందు వెనక పెద్ద విషాదమే ఉంది. జస్‌రాజ్ తండ్రి పండిట్ మోతీరాం మేవాతీ ఘరానా గాయకుడు. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఆయన్ని ఆస్థాన సంగీతకారుడిగా నియమించాల్సిన రోజు రానే వచ్చింది... 1934 నవంబర్ 30. సరిగ్గా ఆ రోజే మోతీరాం కన్నుమూశారు! అప్పటికి జస్‌రాజ్‌కి నిండా ఐదేళ్లు లేవు.

హైదరాబాద్‌లోనే పెరిగిన ఆ పిల్లాడు బడికని బయల్దేరి, దారిలో ఓ హోటల్ దగ్గర ఆగిపోయేవాడట. గ్రామఫోన్‌లో బేగం అఖ్తర్ గజల్ వినిపిస్తుంటే ఇక బడెవరికి గుర్తుంటుంది? మొదట అన్న ప్రతాప్ నారాయణ్ దగ్గర తబలా నేర్చుకున్నాడు. పక్కవాద్యం వాయించేవాళ్లంటే ఉన్న చిన్నచూపు భరించలేక పద్నాలుగేళ్లప్పుడు తబలా వదిలేశాడు. పెద్దన్న మణిరాం దగ్గర గాత్రం మొదలుపెట్టాడు.

పెద్ద గాయకుడయ్యాక తండ్రినీ గురువైన అన్ననీ తలచుకుంటూ ఆయన నడిపిందే 'పండిట్ మోతీరాం పండిట్ మణిరాం సంగీత్ సమారోహ్'. నవంబర్ చివరి వారం వచ్చిందంటే దేశంలోని మేటి కళాకారులు హైదరాబాద్ దారి పట్టేవారు. ఒకప్పుడు బేగంపేటలో, 2008 మార్చి నుంచి శంషాబాద్‌లో విమానం దిగేవారు. అంబర్‌పేటలోని తండ్రి సమాధి దగ్గర జస్‌రాజ్ నివాళి అర్పించేవారు.

ఇలాంటి వేదికల మీద జుగల్బందీ ఉంటే ఆ మజాయే వేరు! గిటార్లూ డ్రమ్సూ పట్టుకుని కుర్రకారు చేసే 'జామింగ్' తెలుసు కదా. 1965లో కాలిఫోర్నియాలో పుట్టిన గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం అందులో ఆరితేరింది. పాట ఎంతసేపు సాగుతుందో, ఎటు మలుపు తిరుగుతుందో వేదికెక్కాకే తేలేది. జుగల్బందీ కూడా ఇంచుమించు అంతే. రాగమూ తాళమూ ముందే తెలుసు. ఒకరు విసిరిన స్వరాన్ని రెండోవారు ఎలా అందుకుంటారన్నదే ఎవరికీ తెలియదు!

అయితే ఆడ, మగ కలిసి పాడితే ఓ చిక్కు. ఇద్దరి శ్రుతీ ఒకటి కాదు. ఎవరో ఒకరు గొంతు తగ్గించుకోవాలి, లేదా పెంచుకోవాలి. దీనికి జస్‌రాజ్ ఓ ఉపాయం కనిపెట్టారు. గాయకుడి 'మ'ని గాయని 'స'గా తీసుకుంటుంది. దాంతో ఎవరి శ్రుతిలో వాళ్లు, ఎవరి రాగం వాళ్లు ఏకకాలంలో పాడుకోవచ్చు. అతను ఆభోగి పాడుతుంటే ఆమె కళావతి పాడుతుందన్నమాట! దానికి 'జస్‌రంగీ' అని పేరు. ఆయన శిష్యుడు సంజీవ్ అభ్యంకర్, గాయని అశ్వినీ భిడే దేశ్‌పాండే జంటగా ఆ పద్ధతిలో కచేరీలు చేశారు.

సమారోహ్‌కి కొన్నేళ్లు చౌమహల్లా ప్యాలెస్ వేదికైంది. నిజాముల దర్బారులు జరిగిన చోటు అది. నిజాం ఆస్థానంలో స్థానం దక్కే రోజునే తండ్రి వెళ్లిపోతే, ఆ నిజాముల ప్యాలెస్‌లోనే తండ్రి పేరిట కొడుకు కచేరీలు పెట్టించాడు!

2020 ఆగస్టు 17న అమెరికాలోని న్యూజెర్సీలో, తొంభై ఏళ్ల వయసులో జస్‌రాజ్ కన్నుమూశారు. మోతీరాం ఆస్థాన గాయకుడు కాలేకపోయినా ఆ పేరు హైదరాబాద్‌లో ఇంకా వినిపిస్తోందంటే, ఆ పుణ్యం కొడుకుదే.