కావలివారి చేతులు కట్టేసే గడ్డ

“ఒంట్లో రోగనిరోధక శక్తి పెంచుకుంటే క్యాన్సర్ గడ్డ దానంతటదే కరిగిపోతుందా?” అని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. టానిక్కులు, పొడులు వాడుతూ నెలలు గడిపేసేవారు ఉన్నారు కనుక ఈ సంగతి వివరంగా చెబుతున్నాము.

మన ఖిలా వరంగల్‌కు బయట మట్టికోట, లోపల రాతికోట, చుట్టూ అగడ్త ఉన్నాయి. గోడలు ఎంత గట్టివైనా కావలివారు చేతులు ముడుచుకుంటే కోట నిలవదు. శరీరానికి కావలివారు తెల్ల రక్తకణాలు. వాటిలో టి కణాలనేవి చెడిపోయిన కణాలను గుర్తుపట్టి చంపుతాయి.

టి కణం పైపొర నిండా రకరకాల ప్రోటీన్లు ఉంటాయి. కొన్ని శత్రువును గుర్తిస్తాయి, కొన్ని కణాన్ని పోరుకు పురికొల్పుతాయి, కొన్ని బ్రేకుల్లా ఆపుతాయి. సొంత శరీరానికే హాని జరగకుండా ఈ బ్రేకులు అవసరం. గడ్డ వీటినే తనకు అనుకూలంగా వాడుకుంటుంది. ఎలుకల్లో గడ్డలు పెంచి పరిశీలిస్తే, గడ్డలోకి చేరిన టి కణాల మీద పీడీ-1 అనే బ్రేకు ఎక్కువగా కనిపిస్తుంది. గడ్డ కణాలు తమ మీద ఉండే పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌తో దాన్ని నొక్కుతాయి. కావలివాడు బతికే ఉంటాడు, కానీ చేతులు ఆడవు.

పీడీ-1ను 1992లో జపాన్‌లో తసుకు హొంజో బృందం కనుగొన్నది. సీటీఎల్ఏ-4 అనే మరో బ్రేకును అడ్డుకుంటే ఎలుకల్లో గడ్డలు కరిగిపోతాయని 1996లో అమెరికాలో జేమ్స్ అలిసన్ బృందం చూపింది. వీరిద్దరికీ 2018లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ బ్రేకును విడిపించే నివోలుమాబ్ ఇంజెక్షన్ చాలా ఖరీదు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు, బాగా ముదిరిన నోరు, గొంతు తదితర క్యాన్సర్లకు మాత్రలతో పాటు మామూలు మోతాదులో పదో వంతు కన్నా తక్కువ ఇచ్చి చూశారు. 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం, మాత్రలు మాత్రమే వాడినవారిలో ఏడాది తర్వాత నూటికి సుమారు 16 మంది జీవించి ఉండగా, ఇంజెక్షన్ కూడా తీసుకున్నవారిలో 43 మంది ఉన్నారు.

అయితే ఈ మందు అందరికీ పనిచేయదు. బ్రేకు వదిలిన కణాలు ఒక్కోసారి పేగులు, ఊపిరితిత్తులు, థైరాయిడ్ గ్రంథి మీద కూడా దాడి చేస్తాయి. నిపుణుల పర్యవేక్షణ తప్పనిసరి.

గడ్డ వేసిన బ్రేకును ఏ టానిక్కూ తీయలేదు. గుట్కా, ఖైనీ, బీడీ మానండి. నోటిలో పుండు గానీ తెల్లమచ్చ గానీ రెండు వారాలకు మానకపోతే, నొప్పి లేకపోయినా సరే, వెంటనే డాక్టరుకు చూపించండి. తొలి దశలోనే గుర్తిస్తే ఆపరేషన్‌తో, అవసరమైతే రేడియేషన్‌తో నయమయ్యే అవకాశం ఎక్కువ.