నాలుగు మూటల రైతుకు బేరం ఎక్కడిది?

కర్నూలు జిల్లా పడమటి ప్రాంతమంటే చాలామందికి కరువు, వలస - ఈ రెండే గుర్తొస్తాయి. కానీ ఇది పండని నేల కాదు. మద్దికెర, తుగ్గలి, పత్తికొండ, ఆస్పరి మండలాల్లో ఎర్రనేలల్లో బుడ్డలు, ఆముదం, కంది పండుతాయి. నల్లరేగట్లో పత్తి, పప్పుశనగ పండుతాయి. బోరు ఉన్నచోట టమాటా, ఉల్లి, మిరప వేస్తారు. ఆదోని పత్తి మార్కెట్ ఆంధ్రప్రదేశ్‌లోనే పెద్దది. పత్తికొండ టమాటా పక్క రాష్ట్రాలకు పోతుంది. పంట ఉంది, కొనేవాడున్నాడు, మార్కెట్టూ ఉంది. మరి పండించినవాడు సుగ్గికి ఎందుకు పోతున్నాడు? మిరపకాయ కోతలకని పిల్లాజెల్లాతో గుంటూరు దిక్కు బండి ఎక్కేవాళ్లలో కూలీలే కాదు, రెండు మూడెకరాల చేను ఉన్నవాళ్లూ ఉండారు.

వాన లేకపోవడం ఒక కారణం, బోరు ఎండడం ఒక కారణం. వాటి గురించి చాలా మాట్లాడుకున్నాం. కళ్లం దాటిన తర్వాత జరిగే నష్టం గురించి మాత్రం తక్కువ మాట్లాడుకుంటాం. ఈ వారం ఆ సంగతి చూద్దాం.

చిన్న మూట, పెద్ద ఖర్చు

ఒక లెక్క వేసుకుందాం. అంకెలు అర్థం కావడానికే, ఊరిని బట్టి మారతాయి. ఒక సన్నకారు రైతుకు నాలుగు క్వింటాళ్ల బుడ్డలు వచ్చాయనుకోండి. ఆదోనికి ఆటో బాడుగ 1,200 రూపాయలైతే క్వింటాలుకు 300 పడుతుంది. అదే ఊళ్లో ఇరవై అయిదు మంది కలిసి నూరు క్వింటాళ్లు ఒక లారీకి ఎత్తి, బాడుగ 6,000 ఇచ్చినా క్వింటాలుకు 60 రూపాయలే. ఒక్క బాడుగలోనే 240 రూపాయల తేడా. ఇంకా ధర మాట రానేలేదు.

యార్డుకు పోయినాక హమాలీ, కాంటా, కమీషన్, తరుగు వరసగా వస్తాయి. కాయలో మట్టి ఉందని కొంత, తేమ ఉందని కొంత కోస్తారు. పెద్ద రాశి అయితే వ్యాపారి నిలబడి మచ్చు చూస్తాడు, పోటీపడి పాట పాడతాడు. నాలుగు మూటల రాశి దగ్గర ఎవరు నిలబడతారు? చెప్పిన రేటుకు ఇచ్చి రావడమే. సాయంత్రం బస్సు దాటిపోతే రాత్రి తిండి, పడక ఖర్చు అదనం.

టమాటా సంగతి ఇంకా అన్యాయం. ఒక్కరోజు ఆగేది కాదు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్‌లో కిలో నూరు రూపాయలు దాటింది. అదే టమాటాను కోత కూలి కూడా రాక రోడ్డు మీద పారబోసిన రోజులు పత్తికొండ, ఆస్పరి రైతులకు కొత్త కాదు. ధర పెరిగినప్పుడు లాభం ఆపగలిగిన వాడికి, పడిపోయినప్పుడు నష్టం ఆపలేని వాడికి!

అప్పు ముడి

'మరి అందరూ కలిసి ఎందుకు అమ్మరు?' అని పట్నంలో అడుగుతారు. ఊళ్లో జవాబు సిద్ధంగా ఉంటుంది: 'అంగడాయనకు బాకీ ఉండాం సామీ, సరుకు యాడికి తీసుకపోదుము?'

అసలు ముడి ఇక్కడే ఉంది. విత్తనం, ఎరువు, మందు అప్పుగా ఇచ్చిన వ్యాపారే పంటకు గిరాకీదారు. బ్యాంకు అప్పు పట్టా ఉన్నవాడికి దొరుకుతుంది. కౌలు రైతుకు దొరకదు. కాబట్టి పంట కళ్లంలో ఉండగానే బేరం అయిపోయి ఉంటుంది. 1966 నాటి మార్కెట్ల చట్టం బహిరంగ వేలం, సరైన తూకం ఉండాలన్నది. 2016 నుంచి ఈ-నామ్ అని కంప్యూటర్ వేలం కూడా వచ్చింది. 2020లో తెచ్చి 2021లో రద్దు చేసుకున్న కేంద్ర చట్టాల కాలంలో, దేశంలో ఎక్కడైనా అమ్ముకోవచ్చునని ఊరించారు. బాకీ ఉన్నవాడికి పక్క అంగడి కూడా దూరదేశమే కదా!

కలిసి అమ్మిన చోట్లు

అందుకే ఊరి దగ్గరే పంటను ఒకచోట చేర్చి, ఆరబెట్టి, జల్లించి, గ్రేడు చేసి, తూకం వేసి, ఉమ్మడిగా అమ్మే కేంద్రాలు కావాలంటున్నాం. ఇది గాలిలో మాట కాదు. అప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి ఆధ్వర్యంలో సహకార సంఘం పెట్టుకున్నారు. అప్పు, ఎరువు, పంట అమ్మకం మూడూ ఒకే సంఘం చేతిలో ఉంచుకున్నారు. అప్పిచ్చేది సంఘమే, పంట తీసుకునేదీ సంఘమే కనుక రైతు మరొకరి గడప తొక్కే పని తప్పింది. దాని బలమంతా అక్కడ ఉంది.

మనకు దగ్గరలో, అనంతపురం సీమలోని చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో 2008లో ధరణి అనే పరస్పర సహాయక సహకార సంఘం ఏర్పడింది. అదీ మన లాంటి మెట్ట నేలే. సభ్యులు పండించిన బుడ్డలు, చిరుధాన్యాలు ఒకచోట చేర్చి, శుభ్రం చేసి, సరుకుగా మార్చి అమ్ముతున్నారు. పచ్చి పంట అమ్మడం వేరు, సరుకు అమ్మడం వేరు.

షెడ్డు ఒక్కటే చాలదు

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనము. 2020లో కేంద్రం పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం పెట్టింది. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలి. నిర్వహణకు మూడేళ్లలో 18 లక్షల రూపాయల దాకా ఇస్తారు. రైతు పెట్టిన వాటాకు సమానంగా తలకు 2,000 చొప్పున 15 లక్షల దాకా కలుపుతారు. ఉత్పత్తిదారుల కంపెనీ చట్టంలో వాటా ఎంతున్నా మనిషికి ఒకటే ఓటు. ఇది మంచిదే. రాష్ట్రంలో 2020లో వచ్చిన రైతు భరోసా కేంద్రాలు, ఇప్పటి రైతు సేవా కేంద్రాలు, ఊరూరా ఉన్నాయి.

కానీ ఒక్క నూరు క్వింటాళ్ల బుడ్డలను మద్దతు ధరకు కొనాలన్నా ఏడు లక్షలు దాటుతుంది. మూడు వందల మంది పంటకు ఎంత కావాలి? ఆ పెట్టుబడి సకాలంలో బ్యాంకు ఇవ్వకపోతే సంఘం బోర్డు మిగులుతుంది, పంట మళ్లీ పాత అంగడికే పోతుంది. సంఘానికి పంట పోసిన రైతు, డబ్బు కోసం నెల తిరగలేడు. ఎందుకంటే అతని బాకీ నెల ఆగదు.

2025లో ఉల్లి ధర కూలినప్పుడు ప్రభుత్వం క్వింటాలు 1,200 చొప్పున కొన్నది. కొనడం అవసరమే. అయితే కొనుగోలు ప్రధానంగా కర్నూలు యార్డులో జరిగింది. పల్లె నుంచి అంత దూరం మోసి, నాణ్యత లేదని తిప్పి పంపితే రైతు గతేమిటి? గ్రేడు చేసే పని ఊళ్లోనే జరగాలి. పత్తి కూడా అంతే. పత్తి సంస్థ 8 శాతం తేమకు పూర్తి ధర ఇస్తుంది, 12 దాటితే తీసుకోదు. మద్దికెరలో ఆరబెట్టే కళ్లం, తేమ చూసే యంత్రం ఉంటే ఆదోని మిల్లు గేటు దగ్గర తిప్పలు ఉండవు.

ఎవరిని వదిలేస్తున్నారు?

మద్దతు ధరకు అమ్మాలంటే ఈ-పంటలో పేరుండాలి. కౌలు రైతు పేరు ఎక్కాలంటే కార్డు కావాలి. 2019 సాగుదారు హక్కుల చట్టం ఆ కార్డును భూ యజమాని సమ్మతికి ముడిపెట్టింది. సమ్మతి ఇచ్చే యజమాని ఎంతమంది? పండించేది ఒకరు, అమ్మినట్టు కాగితంలో ఉండేది మరొకరు. సంఘాల్లో కూడా పట్టాదారులే సభ్యులైతే, అది నలుగురు పెద్ద రైతుల కొత్త మండీ అవుతుంది.

ఇక కూలీల మాట. కేంద్రంలో కాయ ఏరేది, జల్లించేది ఆడకూలీలు. మూట ఎత్తేది హమాలీలు. రైతుకు రెండు రూపాయలు ఎక్కువ రావాలని వీళ్ల కూలి కొయ్యడం న్యాయం కాదు. ఈ పనే సక్రమంగా నడిస్తే, కోతల తర్వాత మూడు నాలుగు నెలలు ఊళ్లోనే పని దొరికి, కొన్ని కుటుంబాలైనా సుగ్గి బండి ఎక్కకుండా ఉంటాయి.

కాబట్టి అడగవలసినవి ఇవి. మండలానికి ఒక సేకరణ కేంద్రం, దానికి కళ్లం, కాంటా, గోదాము. పంట పోసిన రోజే కనీసం మూడొంతుల డబ్బు. అందుకు సంఘాలకు వడ్డీలేని పెట్టుబడి. మార్కెటింగ్ శాఖ రైతుబంధు కింద యార్డు గోదాములో దాచిన పంట మీద 75 శాతం దాకా అప్పు ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని ఊరి కేంద్రానికి తేవాలి. కౌలు రైతుకు యజమాని సంతకం లేకుండా సభ్యత్వం. కూలీలకు, హమాలీలకు రాసిన రేటు, పాలకవర్గంలో చోటు.

ఈసారి గ్రామసభలో ఈ అయిదూ తీర్మానంగా రాయించండి. నోటిమాటగా వదలకండి. తీర్మానం నకలు తీసుకొని మండలాఫీసులో ఇచ్చి, ముట్టినట్టు సంతకం చేయించుకోండి. నాలుగు మూటలవాడు ఒక్కడే పోతే బేరం లేదు. నూరుమంది మూటలు ఒక కాంటా ఎక్కితే బేరం మనదే.